సాయం చేసినామెకు గుర్తే లేదు. ఇప్పుడు నేనేం చేయాల?

గుంతకల్_ప్యాసింజర్
శానా రోజుల నుంచి మనసులో నలుగుతాంది, ఈడ అడుగుదామని రాస్తాండా.

తొంబైల్లో అనంతపురంలో పాలిటెక్నిక్ చదివినా. పాతూరులో ఒకామె ఇంట్లోనే మెస్సు నడుపుతాండె. వరండాలో రెండు బల్లలు. పొద్దున ఉగ్గాని, మధ్యాన్నం అన్నం, రాత్రికి సంగటి, ఊరిబిండి. నేను రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు మా ఊర్లో చెనక్కాయ మొత్తం పోయింది. ఊడలు దిగే టైంలో చినుకు ల్యా. నాయన పంపే మనియార్డరు నిలిచిపాయ. నేను మెస్సుకు పోవడం మానేసి బొరుగులు తిని గడుపుకుంటాంటే ఆమె పిల్లోణ్ణి పంపి పిలిపించింది. "ఎవరు ఎన్ని పూటలు తిన్నారో నాకు లెక్క తప్పిపోతాంది నాయనా. రోజూ సాయంత్రం వచ్చి పద్దు రాసిపెట్టు. నీ కూటికి దానికి సరి" అనింది. నేను నమ్మినా. చదువు అయిపోయేదాకా పద్దు రాసినా, తలెత్తుకొని తిన్నా.

తర్వాతెప్పుడో తెలిసింది. ఆమె కూతురు అప్పటికే పదో తరగతి, లెక్కల్లో స్కూలుకే ఫస్టు అంట. నేను సెలవులకు ఊరికి పోతే ఆ పుస్తకం చూసేది ఆ పాపే.

ఇప్పుడు నాకు రైల్వేలో ఉద్యోగం. మొన్న ఆమె కొడుకు ఇల్లు కనుక్కొని పోయినా. పండు ముసలామె అయింది. కాళ్ళకు మొక్కితే "ఎవరు నాయనా నువ్వు" అనింది. అంతా చెప్పినా. "ఎంతమంది పిల్లోళ్ళు తిని పోయినారో, యాడ గుర్తుంటాది" అనింది. కవరు ఇయ్యబోతే తీసుకోల్యా, రోంత కోపం గూడా చేసింది. కాఫీ ఇచ్చి పంపించింది.

ఇంటికొచ్చినాక నిద్ర పట్టడం ల్యా. దీన్ని ఎట్లా తీర్చుకోవాల? మా ఇంట్లో ఆమె వదిలేయమంటాది. మీరైతే ఏం చేస్తారు?

ఉగ్గాని_బజ్జి
గుర్తు లేకుంటే ఏమన్నా. నీకు అది జీవితం నిలబడిన సంవత్సరం. ఆమెకు రోజూ పొయ్యి మీద ఉండే ఎసరు. నీతో పాటు ఇంకెంతమంది పద్దు రాసినారో, అంట్లు కడిగినారో!

నాపరాయి
కవరు పట్టుకొని పోవడం నాకు నచ్చలేదు. పెట్టిన కూటికి రేటు కట్టినట్టు ఉంటుంది పెద్దోళ్ళకు. మళ్ళీ పో. ఉత్త చేతులతో పోయి రోంచేపు కూర్చో. కొడుకును పక్కకు పిలిచి అడుగు, కంటి ఆపరేషన్ అయిందా, బీపీ మాత్రలు ఎవరు తెస్తారు, చెవులు వినిపిస్తాయా అని. ఏది కొరతగా ఉందో అది చూడు. తీర్చుకోవడం అనే మాట మటుకు ఆ ఇంట్లో ఎత్తొద్దు.

కరెంటు_తీగ
కొడుకు మనసు గూడా చూసుకోవాల. బయటోడు వచ్చి మా అమ్మకు మాత్రలు కొనియ్యడం ఏంది అనుకుంటాడు. నేనైతే అనుకుంటా.

దేవుని_కడప
ఊరిబిండి అన్న మాట చదివినాక ముందుకు పోలేకపోయినా. మధ్యాన్నం ఆఫీసులో డబ్బా తెరిస్తే పెరుగన్నం. ఎవరన్నా పుణ్యం కట్టుకోండప్పా.

హంద్రీ_ఒడ్డు
అన్నా, నాదీ అట్లాంటిదే, కాకపోతే ఒక్క రాత్రి కథ.

2009 అక్టోబరు 2. కర్నూలోళ్ళకు ఆ తేదీ చెప్తే చాలు. పైన సుంకేసుల నుంచి తుంగభద్ర, ఇటు నుంచి హంద్రీ రెండూ కలిసి ఊర్లోకి వచ్చినాయి. మాది పల్లపు వీధి, రేకుల ఇల్లు. మా అమ్మ మోకాళ్ళ నొప్పులతో నడవలేదు. నీళ్ళు గడప దాటేసరికి వీధి చివర మిద్దింటి సాయిబు ఇద్దరు కొడుకులను తీసుకొని వచ్చి, మా అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కుర్చీతో సహా మోసుకొని పోయినారు. అంతకు ముందు ఆ ఇంటికీ మాకూ మాటల్లేవు. మురికి కాలవ గొడవ. మా నాయన ఆయన మీద మున్సిపాలిటీకి అర్జీ గూడా పెట్టినాడు.

ఆ మిద్దె మీద వీధి వీధంతా ఉన్నాం. వాళ్ళింట్లో ఉన్న బియ్యమంతా తెచ్చి పైన మూడు రాళ్ళ మీద వండినారు. కట్టెలు తడిసిపోతే కొత్త తలుపు చెక్క పగలగొట్టి మంట పెట్టినాడు. ఇంకా బిగించని తలుపు, కూతురి పెండ్లికని ఇల్లు బాగు చేయిస్తూ చేయించుకున్నాడు. నేను కళ్ళారా చూసినా. మా అమ్మకు ముందు పెట్టినారు. మా నాయన అన్నం చేతిలో పట్టుకొని ఏడ్చినాడు. మా నాయన ఏడవడం అంతకు ముందు చూడలేదు.

నీళ్ళు తీసినాక ఇండ్ల నిండా బురద. కోడుమూరు దిక్కు నుంచి, ఎమ్మిగనూరు దిక్కు నుంచి ట్రాక్టర్లు వచ్చినాయి, జొన్న రొట్టెలు గుడ్డల్లో మూటలు కట్టుకొని. ఏ ఊరోళ్ళో తెలియదు, ఎవరూ అడగలేదు.

ఆ అర్జీ ఆ వారమే వాపసు తీసుకున్నాడు మా నాయన. ఇప్పటికీ రంజాన్‌కు ఆ ఇంటి నుంచి సేమియా, ఉగాదికి మా ఇంటి నుంచి ఓళిగలు పోతాయి. మా నాయన పోయినప్పుడు పాడె మోసినోళ్ళలో ఆ కొడుకు ఒకడు.

కరెంటు_తీగ
అదే వరదలో పాల ప్యాకెట్టు, కొవ్వొత్తి ఏ రేటుకు అమ్మినారో గూడా రాయండి. నేనూ ఆడ్నే ఉన్నా. అందరూ దేవుళ్ళని రాస్తే నేను ఒప్పుకోను.

హంద్రీ_ఒడ్డు
@కరెంటు_తీగ అమ్మినారు, నిజమే. ఆ అంగడి నాకు తెలుసు. ఈ రోజుకీ మా ఇంట్లోవాళ్ళు ఆ అంగట్లో అగ్గిపెట్టె కొనరు. రెండూ గుర్తున్నాయి నాకు.

ఉగ్గాని_బజ్జి
ఆ తలుపు చెక్క విషయం చదివినాక లేచి రోంచేపు బయట తిరిగి వచ్చినా.

కేసీకెనాల్
మన జిల్లాల్లో ఇది కొత్త కాదు. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గురించి ఈ తరం పిల్లలకు చెప్పేవాళ్ళు తగ్గిపోయినారు. 1866 కరువులో ఇంటి గాదెలు తెరిచి వేలమందికి గంజి, అన్నం పోయించినాడు. విక్టోరియా రాణి బంగారు పతకం ఇప్పించింది. జానపదులు ఆయన మీద పాటలు కట్టి పాడినారు.

ఇంకొకటి పత్తికొండ. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల (అంటే మన సీమ దిక్కు జిల్లాల) కలెక్టరుగా పని చేసిన థామస్ మన్రో, గవర్నరు అయినాక మళ్ళీ ఈ నేల చూడ్డానికి వచ్చి 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చచ్చిపోయినాడు. ఆయన మీద ప్రేమతో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు మనోళ్ళు. మేలు చేసినోణ్ణి సీమ మర్చిపోదు.

ఎర్రనేల
మన్రోను ఈ వరసలో కలపొద్దు. ఆయన దొర. రైతు చేత నేరుగా పన్ను కట్టించే ఏర్పాటు చేసినాడు, ఈస్టిండియా కుంపిణీకి రాబడి చూపించినాడు. మంచి అధికారి కావొచ్చు, నేను కాదనను. కానీ ఆయన చేతిలో అధికారం ఉండె. గుంతకల్ అన్న చెప్పిన ఆమె చేతిలో ఏముండె? ఒక గరిటె.

కేసీకెనాల్
సరే, మన్రోను పక్కన పెడదాం. వెంగళరెడ్డి మాటేమి?

ఎర్రనేల
ఆయన మనసు పెద్దదే, చేతులెత్తి మొక్కుతా. నేను అడిగేది వేరే. అన్ని వేలమందికి గంజి కాచింది ఎవరు? కట్టెలు మోసింది ఎవరు, నీళ్ళు చేదింది ఎవరు, కదల్లేని ముసలోళ్ళ దగ్గరికి ముంత పట్టుకొని పోయింది ఎవరు? వాళ్ళ ఇండ్లల్లో గూడా కరువే కదా. వాళ్ళ మీద పాట లేదు.

నాపరాయి
ఈ మాట బాగుంది. ఆలోచిస్తాండా.

పెన్నమ్మ_బిడ్డ
అధికారం లేకుండా, మామూలు ఇంట్లో మామూలుగా బతికి ఊరంతా కన్నీళ్ళు పెట్టుకునేట్టు చేసిన మనిషి మన కాలంలోనే ఉన్నారు. కర్నూలు డాక్టర్ ఇస్మాయిల్ హుస్సేన్ గారు. రెండు రూపాయల డాక్టరని పేరు. తర్వాత ధరలు పెరిగినా ఆయన దగ్గర పది, ఇరవై. అదీ ఉంటే ఇచ్చేది, లేకుంటే లేదు. మా పెద్దమ్మను గద్వాల నుంచి తీసుకొచ్చి చూపించేవాళ్ళం, రాయచూరు నుంచి వచ్చినోళ్ళు పక్కన కూర్చొని ఉండేవాళ్ళు. 2020 ఏప్రిల్‌లో కరోనాతో పోయినారు. ఆ రోజుల్లో గుమిగూడకూడదు కాబట్టి జనం సాగనంపలేకపోయినారు. లేకుంటే కర్నూల్లో రోడ్లు పట్టేవి కావు.

మా పెద్దమ్మ చెప్పేది, ఆయన చేయి పట్టుకొని చూస్తాడు, కాగితం చూడడు అని. మందు కన్నా అది ఆమెకు పనిచేసేది.

కువైట్_కడప
డాక్టరును మామూలు మనిషి అనొచ్చా? చర్చ మామూలోళ్ళ గురించి కదా.

పెన్నమ్మ_బిడ్డ
పది రూపాయలకు చూసే డాక్టరు ఎంత మామూలుగా బతకాలో లెక్క వేసుకో తమ్ముడూ.

కోసిగి_కొండ
మాది కోసిగి. మా తట్టు సంక్రాంతి దాటితే ఊర్లు ఖాళీ. అందరూ గుంటూరు దిక్కు మిరపకాయ కోతలకు పోతారు, ఇండ్లకు బీగాలు పడతాయి. పిల్లోళ్ళను గూడా ఎంటబెట్టుకొని పోతారు, బడి ఆడికి సరి.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు మా అమ్మానాయన పోతాంటే పక్కింటి అవ్వ అడ్డం వచ్చింది. "వీణ్ణి నా కాడ ఇడిసిపెట్టు. రొట్టె కాల్చి పెడతా, బడికి పోతాడు" అనింది. ఆమెకు మాకు చుట్టరికం ల్యా. ఆమెకు గవర్నమెంటు ఇచ్చే పింఛను తప్ప ఇంకేం ల్యా. అట్లా పదో తరగతి వరకూ ప్రతి ఏడూ కోతల కాలమంతా ఆమె ఇంట్లోనే ఉన్నా. ఆమెకు చదువు రాదు. రాత్రి లాంతరు దగ్గర నేను చదువుతాంటే ఎదురుగా కూర్చొని పత్తి గింజలు తీసేది, నేను నోరు మూస్తే "ఏమి, నిద్రొచ్చిందా, గట్టిగా సదువు" అనేది. అర్థం కాకున్నా సదువు ఇనపడాల ఆమెకు.

నా జతగాళ్ళు పన్నెండు, పదమూడేండ్లకే పూర్తిగా కోతల్లో పడిపోయినారు. నేను టీచరు అయినా. తెలివిలో వాళ్ళకు నాకు తేడా ల్యా, నాతో పాటు బడిలో ఫస్టు వచ్చిన పిల్లోడే ఇప్పుడు మేస్త్రీగా నలభై మందిని లారీ ఎక్కిస్తాడు. తేడా ఆ అవ్వే.

ఇప్పుడు నా క్లాసులో పిల్లోడు కోతలకు పోతాండాడంటే ఆ ఇంటికి పోయి తాత ఉన్నాడా, మేనత్త ఉందా, పక్కింట్లో ఎవరుండారు అని అడుగుతా. శానామంది ఒప్పుకోరు. ఒప్పుకున్నోళ్ళు గూడా ఉండారు.

కరెంటు_తీగ
@కోసిగి_కొండ సార్, ఇది చదివినాక నేను వరద పాల ప్యాకెట్ల సంగతి ఇక ఎత్తను.

నాపరాయి
అవ్వ ఉందా సార్?

కోసిగి_కొండ
ల్యా. నాకు ఉద్యోగం వచ్చిన ఏడే పోయింది. మొదటి జీతంతో చీర తెచ్చినా, కట్టుకుంది.

ఎర్రనేల
పైన నా వాదన చూసి నాకు మంచితనం మీదే నమ్మకం లేదనుకోవద్దు. నాది గూడా ఒకటి చెప్తా.

మాది ఊరి బయట వాడ. ఎనభైల్లో మా ఊరి టీ హోటల్లో మాకు వేరే గ్లాసులు, చూరులో పెట్టి ఉండేవి. తాగినాక మేమే కడిగి మళ్ళీ ఆడ్నే పెట్టాల. నాకు తొమ్మిదో పదో ఏండ్లు ఉన్నప్పుడు మా నాయనతో ప్రొద్దుటూరు సంతకు పోయినా. సోడా అంగడి ముందర నిలబడి మా నాయన అలవాటు ప్రకారం దోసిలి పట్టినాడు. ఆ అంగడాయన "ఏమప్పా, గ్లాసు లేదనుకున్నావా" అని అందరికీ ఇచ్చే గ్లాసుల్లోనే ఇద్దరికీ పోసి, చేతికి ఇచ్చినాడు. ఎవరని అడగలేదు. తాగినాక మా నాయన గ్లాసు కడగబోతే తీసేసుకున్నాడు, "అది నా పని" అన్నాడు.

ఆయన నాకు సాయం చేసినాడని అనను. మనిషికి ఇచ్చేట్టు ఇచ్చినాడు, అంతే. చిల్లర తీసుకున్నాడు గూడా. కానీ ఇంటికి వచ్చే దారిలో నేను మా నాయనను అడిగినా, మన ఊరి హోటలోడు ఎందుకట్లా చేయడు అని. అది నేను అడిగిన మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకొనే చదివినా, ఆ ప్రశ్న పట్టుకొనే మా ఊర్లో ఆ గ్లాసులు పోయేదాకా కొట్లాడినాం. ఆ సోడా అంగడాయనకు ఇదేమీ తెలియదు.

కేసీకెనాల్
ఎర్రనేల, మీరు పైన రాసిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. గంజి కాచినోళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ చూడలేదు. ఉయ్యాలవాడ దిక్కు పెద్దోళ్ళు ఎవరన్నా ఉంటే అడిగి చూస్తా.

జమ్మలమడుగు_పిల్ల
నేను ఎక్కువగా రాయను ఇక్కడ, చదివి పోతాను. ఈసారి రాయాలనిపించింది.

డిగ్రీ చదివేటప్పుడు రోజూ ఊరి నుంచి జమ్మలమడుగు. సాయంత్రం పల్లెవెలుగు బస్సు మా ఊరి క్రాసుకు వచ్చేసరికి చీకటి. క్రాసు నుంచి ఊర్లోకి నడక, రెండు పక్కలా కంపచెట్లు. మా నాయన రెండు వారాలు ఎదురు వచ్చి ఇక నావల్ల కాదు, చదువు చాలు అన్నాడు. నేను బస్సులో ఏడుస్తుంటే కండక్టరు అడిగాడు, చెప్పాను. ఆయన పోయి డ్రైవరు చెవిలో చెప్పాడు. ఆ రోజు బస్సు క్రాసు దగ్గర ఆగలేదు. ఊర్లోకి తిప్పి రామాలయం ముందు ఆపాడు. ఆ మరుసటి రోజూ అంతే. లోపల కొందరు గొణిగారు, ఆలస్యం అవుతుందని. డ్రైవరు తల తిప్పకుండా "ఆడపిల్ల దిగుతుంది, రోంత ఓర్చుకోండి" అనేవాడు. నా డిగ్రీ అయ్యేదాకా ఆ డ్యూటీలో ఆయన ఉన్న ప్రతి రోజూ బస్సు రామాలయం దగ్గరే ఆగింది. ఆయన లేని రోజు కొత్త డ్రైవరుకు కండక్టరు చెప్పేవాడు.

మా ఊర్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లను నేను. నా వెనక మా చిన్నాన్న కూతురు, ఆ వెనక ఎదురింటి పిల్ల. బస్సు ఊర్లోకి వస్తుంది కదా అని పంపించారు వాళ్ళ నాయనలు. ఇప్పుడు ఆ బస్సుకు మా ఊరే స్టాపు. ఆ డ్రైవరు పేరు నేను అడగలేదు. ఖాకీ చొక్కా మీద పేరు పట్టీ ఉండేదేమో, చీకట్లో చూడలేదు. ఎక్కడున్నారో.

కువైట్_కడప
అక్కా, మా మామ కడప డిపోలో చేసి రిటైర్ అయినాడు. ఏ సంవత్సరాలో చెప్తే పాత డ్యూటీ వాళ్ళను అడిగి చూస్తాడు. వాళ్ళకు వాళ్ళకు తెలుస్తాది.

జమ్మలమడుగు_పిల్ల
విడిగా రాస్తాను తమ్ముడూ. దొరికితే చాలు, వచ్చి కలుస్తాను.

ఉగ్గాని_బజ్జి
దొరికితే ఈడ రాయండి అక్కా. మాకూ కావాల.

డోన్_జంక్షన్
2020 లాక్‌డౌన్‌లో 44వ నంబరు హైవే చూసినోళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి. బెంగుళూరు నుంచి బీహారు, యూపీ పోయే పిల్లోళ్ళు అనంతపురం, గుత్తి, డోన్ మీదుగా నడుచుకుంటా పోయినారు. అన్నం, మజ్జిగ శానామంది ఇచ్చినారు, అది అందరికీ తెలుసు. మా ఊరి పంక్చర్ అంగడోడు మటుకు ఇంకో పని చేసినాడు. వాళ్ళ కాళ్ళు చూసినాడు. ఇంటింటికీ తిరిగి పాత చెప్పులు పోగు చేసి, తెగినవి కుట్టించి, రోడ్డు పక్కన సైజుల వారీగా వరసగా పెట్టినాడు. మన మాట రాదు వాళ్ళకు, ఈయనకు హిందీ రాదు. చెయ్యి చూపిస్తాడు, వాళ్ళు తొడుక్కొని పోతారు.

నాపరాయి
చెప్పుల ఆలోచన ఎవరికి వస్తాదప్పా! రోజూ టైర్లు చూసేవాడికి వచ్చింది.

గుంతకల్_ప్యాసింజర్
నాపరాయి అన్న చెప్పినట్టే మళ్ళీ పోయినా, ఉత్త చేతులతో. ఈసారి కూతురు గూడా ఉండె, ధర్మవరం నుంచి వచ్చింది. పద్దు పుస్తకం సంగతి ఆమెకు బాగా గుర్తుంది, నా అక్షరాలు వంకర అని నవ్వింది.

ఆమె ఒక మాట చెప్పింది. ఆ కరువు ఏడు మెస్సులో సగంమంది పిల్లోళ్ళు డబ్బులు కట్టల్యా. మరి ఎట్లా నడిచింది అని అడిగితే, పాతూరులో బియ్యం అంగడి శెట్టి ఒకాయన ఆ ఏడంతా మూటలు అప్పుకు పంపించినాడంట. అడగను గూడా అడగలేదంట. "పిల్లోళ్ళు తింటాండారు కదమ్మా, పంటలు వచ్చినాక చూద్దాం" అన్నాడంట. తీర్చడానికి ఈ అమ్మకు మూడేండ్లు పట్టింది. నేను ఇన్నాళ్ళూ ఈమె ఒక్కతే అనుకుంటాండా. నా కంచం వెనకాల ఇంకొకాయన ఉన్నాడని ఇప్పుడు తెలిసింది. ఆ అంగడి ఇప్పుడు లేదు.

చెవి మిషను సంగతి కొడుకుతో మాట్లాడినా. ఆయన సగం, నేను సగం అనుకున్నాం. కరెంటు_తీగ తమ్ముడు చెప్పింది నిజమే, ఆయనకు మొదట నచ్చల్యా. సగం అనేసరికి ఒప్పుకున్నాడు.

కరెంటు_తీగ
సగం సగం మంచి పని అన్నా.

దేవుని_కడప
ఆ శెట్టికి బియ్యం అప్పిచ్చినోడు ఎవరో! ఇట్లా పోతాంటే యాడికి తేలుతాదో.

డోన్_జంక్షన్
పని మాట ఒకటి. ఎండలు ముదురుతాండాయి. మా క్రాసు దగ్గర ఈ ఏడు చలివేంద్రం పెడదామనుకుంటాండాం. పోయిన ఏడు పెట్టినోళ్ళు మొదట్లో నింపి తర్వాత వదిలేసినారు, కుండల్లో నాచు పట్టింది. ఈసారి రోజూ నింపే మనిషి కావాల. చుట్టుపక్కల ఎవరన్నా ఉండారా?

హంద్రీ_ఒడ్డు
క్యాన్లు పెట్టండి, సులువు.

డోన్_జంక్షన్
క్యాను నీళ్ళు మధ్యాన్నానికి కాగిపోతాయన్నా, ఈ ఎండకు. కుండే కావాల. కింద ఇసుక పోసి తడిపితే సాయంత్రం దాకా చల్లగా ఉంటాది. రోజూ కడగాల, అదే కష్టం.

కోసిగి_కొండ
కడగడానికి మనిషిని పెట్టండి, కూలి నేనిస్తా. ఉత్తపుణ్యానికి అడిగితే వారానికి మానేస్తారు.

నాపరాయి
కుండలు నా లెక్క. బోర్డు మీద ఎవరి పేరూ రాయొద్దు.

కేసీకెనాల్
దాతల పేర్లు రాస్తే ఇంకొకరికి ఇయ్యాలనిపిస్తుంది కదా, రాస్తే తప్పేముంది?

ఎర్రనేల
పేర్లు రాసుకోండి, రాయకపోండి. గ్లాసు మటుకు ఒకటే రకం పెట్టండి, గొలుసుతో కట్టొద్దు.

డోన్_జంక్షన్
గొలుసు లేకుంటే రెండు రోజుల్లో గ్లాసు పోతాదప్పా.

ఎర్రనేల
పోతే ఇంకోటి. గ్లాసులన్నీ నేనే పంపిస్తా, ఎండాకాలం అయిపోయేదాకా.

డోన్_జంక్షన్
సరే. ఆదివారం పొద్దున్నే పందిరి వేస్తాం. తాటాకు దొరికింది. ఇసుక ట్రాక్టరు ఆయన రానన్నాడు, గుత్తి దిక్కు ఎవరిదన్నా చిన్న ట్రాలీ ఉంటే చెప్పండి.

ఉగ్గాని_బజ్జి
మా బావది ఉంది. శనివారం సాయంత్రం లోడు చేసి పెడతాం. ఎన్ని గంప‌లు కావాలో రాయి.